గుడ్డు తేలిన నీళ్ళు

కొల్లాపూర్ అంగడి దినం
మా కొలిమి కాడికొచ్చి కుర్మయ్య కత్తి అడిగిండు.
సోమశిల కాడ పుట్టి తోలినోడు,
క్రిష్ణ నీళ్ళు తప్ప ఏ నీళ్ళూ ఎరగనోడు
మల్పెల సముద్రం బోట్ల మీదికి పోతడట
దసరా ఎల్లినంక.
"తాడు కొయ్యాలె, వల చిక్కుబడితె తెంపాలె.
తుప్పు పట్టనిది కావాలె."

మోనాచారి నవ్విండు.
తుప్పు పట్టనిది ఇనుమే కాదన్నడు.
లారీ కమాను పట్టి ఎర్రగ కాల్చి
నూనెల ముంచి
ముప్పై ఏండ్లసంది ఆయన చేసే కత్తి,
ఈత మట్ట కాడ ఆగదు, మేక మెడ కాడ ఆగదు.
నేను మాత్రం ఉప్పు డబ్బా దింపిన.

సముద్రం నేను చూల్లే.
ఎంత ఉప్పుంటదో ఎవర్నడగాలె?
మామిడికాయలు ఊరేసేటందుకు మా అత్త నేర్పిన లెక్కనే:
కోడిగుడ్డు ఏస్తె తేలాలె.
బకెట్ల దొడ్డుప్పు పోసి కలిపిన.
గుడ్డు అడుక్కు పోయింది. ఇంకింత.
నడుమ నిలిచింది. ఇంకో దోసెడు.
రూపాయి బిళ్ళంత నెత్తి బయటపెట్టి తేలింది.
గదే సముద్రమనుకున్న.

మూడు ఏసిన దాంట్ల.
కమాను కత్తి.
వంటింట్ల టమాటలు కోసే స్టీలు చాకు.
మూతబడ్డ పాలకేంద్రం వేలంల తెచ్చిన తొట్టి రేకు ముక్క.
దానికి పిడి లేదు, వాడి లేదు,
బర్రె దాన మీద మూతగ పడుండేది.

తెల్లారి చూస్తె కమాను కత్తి మీద పసుపు,
మాపటికి జాజు.
మూడో దినం ఏలు పెడితె పొట్టు రాలింది.
మోనాచారి మాట్లాడలే,
ఆరిపోయిన బీడీనే పీలుస్తుండు.
స్టీలు చాకు నున్నగనే ఉంది
కాని పిడి కాడ, రివిట్టు చుట్టూ, పుట్టుమచ్చలు.
రోగం సందుల్లనే మొదలైతది.
పాల తొట్టి రేకు మాత్రం
బర్రె దాన మీద ఎట్లుండెనో అట్లనే.

"దానికి నీళ్ళెక్కవు" అన్నడు మోనాచారి.
"ఎంత కాల్చినా గట్టిపడదు. మెత్తటి జాతి.
పొద్దుగాల నూరితె మాపటికి మొద్దు."
నిజమే. ఇనుము సంగతిల ఆయన అబద్ధమాడడు.
కుర్మయ్య రెండు చేతుల్ల రెండూ పట్టుకొని
చాన సేపు నిలబడ్డడు.
నేను ఒక్క మాటన్న:
పోయిన పదును రాయి మీద తిరిగొస్తది బిడ్డా,
తుప్పు తిన్న ఇనుము ఏడికెళ్ళి తెస్తవ్?

ఇగ చేసినం.
మొన లేకుండ. ఊగే బోటు మీద మొన
ముందుగాల మనల్నే పొడుస్తది.
అంచుకు సగం దాక కొడవలి పండ్లు,
నానిన తాడు జారకుండ.
రివిట్టు లేదు, సందు లేదు, రేకే పిడి.
దాని మీద ఎర్ర నైలాను సుతిలి చుట్టి
తోకకు బెజ్జం, బెజ్జానికి దారం,
దారం మొలతాడుకు.
పండ్లు మోనాచారే కోసిండు,
ఆకురాయితోని, ఒక్కొక్కటి,
తిట్టుకుంటనే.

ఇనుమూ ఉప్పూ చేతికి చేతికియ్యొద్దంటరు.
అరుగు మీద పెట్టిన. తీసుకున్నడు.

నెలకు ఫోన్ చేసిండు.
దినాం అన్నం తిన్నంక నూరుకుంటున్నడట.
"అవ్వా, నీ బకెట్ కన్న
ఈ సముద్రం చప్పగుంది" అన్నడు.
మోనాచారికి చెప్పిన.
జర సేపు ఊకుండి
"అయితే నా కమాను కత్తి
ఇంకో రెండు దినాలు ఆగునేమో" అన్నడు.

ఆ నీళ్ళు చెట్టుకు పోయరావు, బర్రెకు పెట్టరావు.
కొలిమి పక్కన ఎండకే వదిలేసిన.
దినానికింత దిగుకుంట
బకెట్ గోడకు తెల్లగీతలు పెట్టుకుంట పోయింది.
అడుగున ఉప్పు మిగిలింది,
దాంట్ల గోరంత జాజు రంగు.